గాలి దగ్గర తెచ్చిన ఎరువు

మా ఆచార్యులవారి పేరు మీద ఏటా జరిగే ఈ ఉపన్యాసం ఇవ్వమని కబురు వచ్చినప్పుడు సంతోషం కన్నా ముందు బాధ్యత గుర్తుకొచ్చింది. ఆయన దగ్గర నేల రసాయనం చదువుకున్నవాళ్ళం ఈ సభలో పదిమందికి పైగా ఉన్నాం. ఏమి చెప్పినా అది ఆయన చూసి దిద్దే కాగితమే అన్న ఎరుకతోనే చెబుతాం.

పొలాల మీద తిరిగి వచ్చి మేము రాసిచ్చే నివేదికల్లో ఎకరాకు ఇన్ని కట్టల యూరియా వేశారు, ఇంత దిగుబడి వచ్చింది అని రాసి ఊరుకునేవాళ్ళం. ఆయన ఆ కాగితం మీద మరో రెండు గడులు తన చేత్తో గీసి తిరిగి ఇచ్చేవారు. వేసినదానిలో పంటకు చేరింది ఎంత అన్నది మొదటి గడి. చేరనిది ఎటు పోయింది అన్నది రెండోది. మొదటి గడిని ఏదో ఒక లెక్కతో నింపేవాళ్ళం. రెండో గడి ఖాళీగా మిగిలేది. ఈ సాయంకాలం నేను మాట్లాడబోయేది ఆ ఖాళీ గడి గురించి.

తెలుగులో ఎరువు అనే మాటకు రెండర్థాలున్నాయి. చేనికి వేసే సత్తువ ఒకటి. తిరిగి ఇచ్చేస్తామని ఒకరి దగ్గర తెచ్చుకున్న వస్తువు రెండోది. పెళ్ళికి పొరుగింటి నుంచి తెచ్చి పెట్టుకున్న నగను మన పెద్దలు ఎరువుసొమ్ము అన్నారు. అది బరువుచేటు అని సామెత కట్టారు. మొదటి అర్థం అందరి నోటా ఉంది, రెండోది పల్లెల్లో కూడా మరుగున పడుతోంది. నత్రజని విషయంలో మాత్రం ఈ రెండర్థాలనూ కలిపి చదువుకోవలసిన కాలం వచ్చిందని నా నమ్మకం. గత నూరేళ్ళకు పైగా మనం చేలకు వేస్తున్న నత్రజని గాలి దగ్గర ఎరువు తెచ్చుకున్నది. పంట వాడుకోగా మిగిలినది గాలికే తిరిగి పోతోంది. అయితే అందులో ఒక భాగం తెచ్చినప్పటి రూపంలో తిరిగి పోవడం లేదు, భూమిని వేడెక్కించే వాయువై పోతోంది. ఈ బాకీ అన్నిటికన్నా చిక్కగా పేరుకునే చోటు కూరగాయల తోట. అక్కడ అవసరానికి మించి మందు పడుతున్నదంటే దానికి కారణం రైతు తెలియనితనం అనుకోవడం పొరపాటు. ధర మీద నిలకడ లేని బతుకు అతని చేత వేయిస్తోంది. కనుక ఆ వాయువును తగ్గించే పని తోటలో ఎంత ఉందో మండీలోనూ అంత ఉంది. నేను చెప్పదలచిన మాట ఇదే. దీని వెనక చరిత్ర పెద్దది గనుక కొంచెం వెనక్కి వెళ్ళాలి.

గాలిలో 78 శాతం నత్రజని. మొక్కలు దానిలో మునిగి బతుకుతూ కూడా దాన్ని నేరుగా ముట్టుకోలేవు. రెండు నత్రజని పరమాణువులు మూడు బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించగలిగినవి ప్రకృతిలో మెరుపూ, కొన్ని జాతుల సూక్ష్మజీవులూ. కంది, పెసర, జనుము వంటి కాయజాతి మొక్కల వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా ఆ పని చేస్తుందని 1886లో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. వాళ్ళు నిరూపించడానికి ఎన్నో తరాల ముందు నుంచే మన రైతు కందిని సాళ్ళ మధ్య వేశాడు, వరికి ముందు జీలుగు, పిల్లిపెసర చల్లి కలియదున్నాడు, వేసవిలో చేలో గొర్రెల మంద కట్టించాడు, ఎండిన చెరువులో మట్టి తవ్వి బండ్ల మీద తోలాడు. ఆ సేద్యంలో నత్రజని కొంచెంగా వచ్చేది, కొంచెంగా పోయేది. పంట కూడా కొంచెమే. ఆ పాత రోజులను బంగారు కాలంగా చెప్పడానికి నాకు మనసు రాదు. ఆ కొంచెపు పంట మీద కరువు ఎన్నిసార్లు విరుచుకుపడిందో రాయలసీమలో పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు.

నత్రజని కోసం రాజ్యాలు ఎంత దూరమైనా పోయాయి. సురేకారంలో ఉన్నది నత్రజనే. బీహారు పల్లెల్లో పశువుల పాకల పక్క మట్టిని నూనియాలు వడగట్టి, కాచి తీసిన సురేకారాన్ని ఈస్టిండియా కంపెనీ ఓడల్లో నింపుకుని పోయి ఐరోపా యుద్ధాలకు తుపాకిమందు చేసింది. మన పశువుల మూత్రం నుంచి నేలలో చేరిన సారం అలా సముద్రాలు దాటింది. పందొమ్మిదో శతాబ్దంలో పెరూ దీవుల పక్షిరెట్ట ఐరోపా పొలాలకు చేరింది. తరువాత అటకామా ఎడారిలోని నైట్రేటు కోసం చిలీ ఒకవైపు, పెరూ, బొలీవియా మరోవైపు 1879లో యుద్ధానికి దిగాయి. అదే కాలంలో మన దేశపు సేద్యాన్ని చూడడానికి వచ్చిన జాన్ అగస్టస్ వోల్కర్ 1893లో తన నివేదిక ఇచ్చాడు. కట్టెలు దొరకక పేడను పిడకలుగా కాల్చుకోవలసి రావడం వల్ల ఇక్కడి నేలకు ఎరువు అందడం లేదని అందులో గట్టిగా రాశాడు. రైతు చేతగాని వాడని అతను అనలేదు. చేతికి సాధనం అందలేదన్నాడు. ఆ చూపు ఈనాటి చర్చకూ అవసరం.

1898లో బ్రిస్టల్ నగరంలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుల సభకు అధ్యక్షత వహిస్తూ విలియం క్రూక్స్, చిలీ నైట్రేటు ఎల్లకాలం ఉండదనీ, గాలిలోని నత్రజనిని పట్టి తెచ్చే దారి రసాయన శాస్త్రజ్ఞులు వెతకకపోతే గోధుమ తినే దేశాలకు ఆకలి తప్పదనీ హెచ్చరించాడు. పదకొండేళ్ళకు, 1909 జూలైలో, ఫ్రిట్జ్ హేబర్ జర్మనీలోని కార్ల్స్‌రూహ్‌లో గాలి నుంచి అమ్మోనియాను చుక్కలుగా రాల్చి చూపించాడు. కార్ల్ బాష్ ఆ ప్రయోగాన్ని కర్మాగారంగా మలచాడు. 1913లో ఓపావ్‌లో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడు ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ కర్మాగారం నత్రజని పొలాలతో పాటు పేలుడు పదార్థాలకూ పోయింది. నేడు ప్రపంచ జనాభాలో సగానికి దగ్గరగా ఈ పద్ధతిలో తయారైన నత్రజని మీద ఆధారపడి తింటున్నదని అంచనా. మన శరీరంలోని మాంసకృత్తుల్లో ఉన్న నత్రజనిలో ఎంతో భాగం ఒకప్పుడు ఏదో ఒక కర్మాగారపు గొట్టంలో నుంచి నడిచి వచ్చిందే. ఈ మాట చెప్పకుండా రసాయన ఎరువును నిందించడానికి పూనుకుంటే అది కృతఘ్నత అవుతుంది.

మన దేశంలో 1941లో మైసూరు దగ్గర బెళగొళలో చిన్న అమ్మోనియా కర్మాగారం వెలిసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1951లో సింద్రీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ నాటికి దేశం మొత్తం వాడిన రసాయన నత్రజని ఏడాదికి 60 వేల టన్నుల లోపు. ఇప్పుడది సుమారు 2 కోట్ల టన్నులు. తెలుగు నేల మీద 1980లో రామగుండం బొగ్గుతో యూరియా చేసింది. 1999లో ఆ కర్మాగారం మూతపడి, 2021లో సహజవాయువుతో మళ్ళీ లేచింది. కాకినాడలో 1992 నుంచి యూరియా తయారైంది. నా చిన్నతనంలో మా ఊరికి యూరియా వచ్చిన కొత్తల్లో దాన్ని చేత్తో తాకి, చల్లగా ఉందని ఆశ్చర్యపోయిన ముసలివాళ్ళను చూశాను. నాలుగు రోజుల్లో చేను నల్లగా తిరగడం చూసి వాళ్ళ కళ్ళల్లో మెరిసిన ఆనందాన్ని నేను మరచిపోలేదు.

ఇక రెండో గడి సంగతికి వద్దాం.

తడి నేలలో పడిన యూరియా కొద్దిరోజుల్లోనే అమ్మోనియంగా మారుతుంది. పైపైన చల్లితే కొంత అమ్మోనియా వాసనగా గాలిలోకి లేచిపోతుంది. మిగిలిన అమ్మోనియాన్ని నేలలోని ఒక తెగ బాక్టీరియా నైట్రేటుగా మారుస్తుంది. దీన్ని నత్రీకరణం అంటాం. మొక్క ఎక్కువగా తాగేది ఈ నైట్రేటునే. నేల నీటితో నిండి గాలి ఆడనప్పుడు మరో తెగ బాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు ఆ నైట్రేటుతోనే ఊపిరి తీసుకుని, దాన్ని మెట్టు మెట్టుగా విరిచి మళ్ళీ మామూలు నత్రజనిగా గాలికి వదులుతుంది. ఇది వినత్రీకరణం. ఈ రెండు దారుల్లోనూ మధ్యలో ఒక వాయువు జారిపోతుంది. దాని పేరు నైట్రస్ ఆక్సైడ్. ఫైర్‌స్టోన్, డేవిడ్‌సన్ అనే శాస్త్రజ్ఞులు 1989లో దీన్ని చిల్లులున్న గొట్టంతో పోల్చారు. గొట్టంలో పారే నత్రజని ఎంత ఎక్కువైతే చిల్లుల్లోంచి కారేది అంత ఎక్కువ. నేల తడి ఎంత, గాలి ఎంత ఆడుతోంది అన్నదాన్ని బట్టి చిల్లు పెద్దదో చిన్నదో అవుతుంది. ఎండిన మడికి ఒక్కసారిగా నీళ్ళు కట్టినప్పుడు ఆ కారడం ఉప్పెనలా వస్తుంది. మళ్ళీ నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది.

శస్త్రచికిత్సల్లో మత్తుకు వాడే వాయువు ఇదే. 1772లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ దీన్ని కనుగొన్నాడు. పరిశ్రమల యుగానికి ముందు గాలిలోని ప్రతి వంద కోట్ల అణువుల్లో ఇది 270 ఉండేదని అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలి బుడగలు చెబుతున్నాయి. 2022 నాటికి 336కు చేరింది. ఈ అంకెలు కంటికి ఆనవు. కాని నూరేళ్ళ లెక్కలో ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడిచేస్తుంది. అది నూరేళ్ళకు పైగా ఆకాశంలో నిలుస్తుంది. ఓపావ్ కర్మాగారం తొలి సరుకు ఏ జర్మన్ పొలంలో పడిందో, ఆ పొలం నుంచి లేచిన నైట్రస్ ఆక్సైడ్‌లో కొంత ఇంకా మన తలల మీదే ఉంది. అంత దీర్ఘమైనది ఈ బాకీ.

దీనికి మరో ముఖం ఉంది. నైట్రస్ ఆక్సైడ్ పైకి పోయి ఓజోన్ పొరను తినేస్తుందన్న దారిని పాల్ క్రుట్జెన్ 1970లోనే చూపించాడు. మైసూరు విశ్వవిద్యాలయంలో చదువుకుని అమెరికాలో స్థిరపడిన ఎ.ఆర్. రవిశంకర, ఆయన సహచరులు 2009లో లెక్కతేల్చిన ప్రకారం, ఈ శతాబ్దంలో మనుషులు వదులుతున్న ఓజోన్ నాశకాల్లో పెద్దవాటా దీనిదే. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం శీతల యంత్రాల వాయువులను కట్టడి చేసింది. నైట్రస్ ఆక్సైడ్ ఆ ఒప్పందం పరిధిలోకి రాలేదు. అన్నంతో ముడిపడిన వాయువును కట్టడి చేయడం ఫ్రిజ్‌లోని వాయువును మార్చినంత తేలిక కాదు.

ఇప్పుడు కూరగాయల తోటలోకి నడుద్దాం. మదనపల్లె మార్కెట్ యార్డుకు కూతవేటు దూరంలో కూర్చుని ఈ మాట మాట్లాడుతూ టమాటాను వదిలి వేరే ఉదాహరణ వెతకవలసిన పని లేదు.

వరి, మొక్కజొన్నలతో పోలిస్తే కూరగాయల విస్తీర్ణం తక్కువ. అయినా నత్రజని బాకీ అక్కడే ఎందుకు చిక్కబడుతుందంటే, ముందుగా ఆ మొక్కల వేళ్ళు చూడండి. క్యాబేజీ, ఉల్లి, ఆకుకూరల వేళ్ళు పైమట్టిలోనే పరచుకుంటాయి. అంతకు కిందికి దిగిన నైట్రేటు వాటికి అందదు. తడి మాటిమాటికీ ఇవ్వాలి, అంటే గొట్టం చిల్లు మాటిమాటికీ తెరుచుకుంటుంది. ఒక ఏడాదిలో రెండు మూడు పంటలు. ప్రతి పంటకూ అడుగుమందు, పైపాటు మళ్ళీ మొదటి నుంచి. గోబిపువ్వు కోసుకున్నాక చేలో మిగిలే పచ్చటి ఆకూ కాడా పంట తీసుకున్న నత్రజనిలో సగం దాకా పట్టుకుని ఉంటాయి. అవి మెత్తని పదార్థం గనుక వారాల్లోనే కుళ్ళి నైట్రేటును వదులుతాయి. అప్పటికి ఆ మడిలో తాగే మొక్క ఉండదు. రైతు మాత్రం తరువాతి పంటకు కొత్త కట్ట విప్పుతాడు. కిందటి పంట ఆకు ఇచ్చినది ఎంతో ఆయనకు చెప్పేవారు లేరు.

టమాటా లెక్క చూద్దాం. కర్రలు పాతి తీగ కట్టి పెంచిన తోటలో ఎకరాకు 20 టన్నుల కాయ వచ్చిందనుకుందాం. టన్ను కాయకు మొక్క మొత్తం మీద రెండున్నర నుంచి మూడు కిలోల నత్రజని తీసుకుంటుందని స్థూలంగా లెక్కవేస్తారు. అంటే ఆ తోటకు కావలసింది 50 నుంచి 60 కిలోలు. 45 కిలోల యూరియా కట్టలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. ఐదు కట్టలు పడ్డాయంటే నూరు కిలోలు దాటింది. దీనికి కాంప్లెక్స్ ఎరువుల్లోని నత్రజని వేరు. పది టన్నుల పశువుల ఎరువు తోలి ఉంటే దానిలో మరో 50 కిలోలు, కాకపోతే అది నెమ్మదిగా విడుదలవుతుంది. పొలంలో వేసిందంతా మొక్కకు అందదు గనుక కొంత ఎక్కువ వేయక తప్పదు. కాని ఎంత ఎక్కువ అన్న ప్రశ్న దగ్గర మన తోటలు చాలాకాలంగా ఆగి ఉన్నాయి.

ఎందుకు ఆగి ఉన్నాయో ధరల లెక్క చెబుతుంది. వేపపూత, పన్నులతో కలిపి యూరియా కట్ట రూ.266.50. ఐదు కట్టలకు రూ.1,332.50. కిలో టమాటా రూ.20 పలికిన రోజున 25 కిలోల క్రేటు రూ.500. అంటే ఒక పంట కాలానికి సరిపడా యూరియా ఖరీదు మూడు క్రేట్ల కాయ కన్నా తక్కువ. ఆ తోటలో కోసేది 800 క్రేట్లు. మూడు క్రేట్ల ఖర్చు తగ్గించుకోబోయి ముప్పై క్రేట్లు పోగొట్టుకుంటానేమోనన్న భయం ముందు ఏ శాస్త్రజ్ఞుడి సిఫారసు నిలుస్తుంది? నారు, కర్రలు, మల్చింగ్ షీటు, కూలీలు, పురుగుమందులు, వెయ్యి అడుగుల బోరుకు తెచ్చిన అప్పు, ఇన్నింటి మధ్య రైతు చేతిలో తేలిగ్గా పెంచుకోగలిగినది యూరియా ఒక్కటే. ఆకు ఏ కాస్త పసుపు తిరిగినా చేయి దాని మీదికే పోతుంది. 2010లో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలను పోషకాన్ని బట్టి సబ్సిడీ పద్ధతికి మార్చి, యూరియాను దానికి వెలుపల ఉంచారు. ఆ నాటి నుంచి నత్రజని చవకగానూ మిగతావి ప్రియంగానూ మారి, నేలకు పెట్టే పళ్ళెంలో సమతూకం చెదిరింది. యూరియా ధర పెంచండి అని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. చిన్నరైతు మెడ మీద మరో రాయి పెట్టి ఆకాశాన్ని శుభ్రం చేయబూనడం న్యాయం కాదు. అదే సబ్సిడీ సొమ్ములో కొంత సేంద్రియ ఎరువుకూ, ఆకు పరీక్షకూ, పంట బీమాకూ మళ్ళితే రైతు లెక్క మారుతుందని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఆ ఐదు కట్టల వల్ల ఎంత వాయువు లేస్తుంది? వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం వాడే సాధారణ సూత్రం ప్రకారం వేసిన నత్రజనిలో సుమారు 1 శాతం నేరుగా నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. తడి ప్రాంతాల్లో రసాయన ఎరువుకు అది 1.6 శాతం, పొడి ప్రాంతాల్లో 0.5 శాతం అని 2019లో సవరించారు. 1 శాతమే తీసుకుంటే ఆ ఎకరం నుంచి సుమారు 1.6 కిలోల నైట్రస్ ఆక్సైడ్, అంటే దాదాపు 440 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం. 165 లీటర్ల డీజిలు కాల్చినంత. అమ్మోనియాగా లేచిపోయి మరోచోట దిగిన దానిదీ, నీటిలో కలిసి బోరుబావిలోకి దిగిన నైట్రేటుదీ వాటా వేరు. యూరియా తయారీలో కాలిన సహజవాయువు వేరు. 2023లో కేంబ్రిడ్జి పరిశోధకులు చేసిన లెక్కలో, రసాయన నత్రజని ఎరువుల మొత్తం ఉద్గారాల్లో మూడింట రెండు వంతులు కర్మాగారంలో కాక పొలంలో వేశాకే వస్తున్నాయని తేలింది. రసాయన ఎరువునూ పశువుల ఎరువునూ కలిపితే అది ప్రపంచంలోని విమానాలు, ఓడలు రెండూ వదిలేదాని కన్నా ఎక్కువ.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. 440 కిలోలను 20 టన్నుల మీద పంచితే కిలో టమాటాకు 22 గ్రాములే. అన్ని ఆహారాల్లోనూ కూరగాయల భారం తేలికైనది. మన పిల్లలు ఇంకా ఎక్కువ కూరగాయలు తినాలి. కాని ఈ భాగహారం కాయ అంతా ఎవరో ఒకరి పళ్ళెంలోకి చేరిందన్న నమ్మకం మీద నిలిచి ఉంది. 2023 జూలై చివర మదనపల్లెలో కిలో టమాటా రూ.200 దరిదాపులకు పోయింది. ధర ఎక్కుతున్న రోజుల్లోనే చాలామంది నారు పోశారు. సెప్టెంబరు వచ్చేసరికి కోత కూలి కూడా రాని ధరకు రైతులు కాయను రోడ్డు పక్కన పారబోశారు. పారబోసిన కాయకు పెట్టిన నత్రజని పారబోయక ముందే నేల నుంచి లేచి ఆకాశానికి చేరింది. దాన్ని ఎవరి పళ్ళెం ఖాతాలో రాయాలి? ధర పలికినప్పుడు భయంతోనూ ఆశతోనూ ఎక్కువ వేసిన మందు, ధర పడినప్పుడు ఎవరికీ అన్నం కాని పంట, ఈ రెండూ ఒకే జబ్బుకు రెండు పొడలు. అందుకే మండీ సంగతి వాతావరణ సంగతి అన్నాను. ఇక్కడ టమాటా గుజ్జు చేసే కర్మాగారాలు నిలదొక్కుకుని, ముందే ఒప్పుకున్న ధరకు కాయ కొంటే, అది ఏ పరిశోధనశాల చేసినదానికీ తీసిపోని వాతావరణ రక్షణ.

పొరుగు దేశాల అనుభవం రెండు దిక్కుల హద్దులనూ చూపిస్తుంది. చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో షౌగువాంగ్ ప్రాంతం చలికాలంలో కూరగాయలు పండించే ప్లాస్టిక్ పందిళ్ళకు పేరుపడింది. 1989లో అక్కడి ఒక గ్రామంలో మొదలై, ఆ పద్ధతి ఉత్తర చైనాకంతటికీ చలికాలపు కూర అందించింది. అదే పందిళ్ళలో హెక్టారుకు ఏడాదికి వెయ్యి కిలోలు దాటి నత్రజని పడింది. నేల పులిసింది, భూగర్భ జలంలో నైట్రేటు పేరుకుంది. ఆ ఎరువులో కోళ్ళ పెంట వాటా చాలా పెద్దది. సేంద్రియమైనంత మాత్రాన బాక్టీరియా దాన్ని వేరుగా చూడదన్న పాఠం అక్కడ ఉంది. రెండో హద్దు శ్రీలంక. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని అక్కడి ప్రభుత్వం ఒక్కసారిగా నిలిపివేసింది. వరి దిగుబడి పడిపోయింది, కూరగాయల ధరలు మండిపోయాయి. కొద్దినెలల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఎరువు తెచ్చుకున్నవాడు ఒక్క రాత్రిలో అంతా తిరిగి ఇచ్చేస్తానంటే ఇల్లు గడవదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ ఉద్యమం ఈ రెంటి మధ్య నెమ్మదిగా దారి వెతుకుతోంది. 2024లో దానికి గుల్బెంకియన్ పురస్కారం వచ్చింది. నేలను ఏడాది పొడవునా పచ్చగా కప్పి ఉంచాలన్న దాని పట్టుదల నత్రజని దృష్టితో చూస్తే చాలా సరైనది. మడిలో బతికున్న వేరు ఉంటే వదులుగా తిరిగే నైట్రేటును అది పట్టుకుంటుంది. కాని ఎకరాకు 20 టన్నులు తీసే టమాటాకు కావలసిన 50 కిలోలు ఎక్కడి నుంచి వస్తున్నాయో ప్రతి తోటలోనూ లెక్క చూపాలని ఆ ఉద్యమ మిత్రులను కూడా గౌరవంగానే అడుగుతాను. ఆచార్యులవారి గడులు అందరికీ ఒకటే.

తోటలో చేయగలిగిన పని మన చేతిలోనే ఉంది. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సూక్ష్మసేద్య పథకం పుణ్యాన ఈ పడమటి మండలాల్లో డ్రిప్పు లేని టమాటా తోట అరుదు. నీటి కోసం వచ్చిన ఆ పైపు నత్రజనికి కూడా మంచి దారి. మొక్కకు ఏ వారం ఎంత కావాలో అంత, వేరు ఉన్నచోటే, కొంచెం కొంచెంగా అందించవచ్చు. మడి అంతా తడిసి ఆరే ఉప్పెన ఉండదు గనుక నైట్రస్ ఆక్సైడ్ కూడా తగ్గుతుంది. అయితే డ్రిప్పులో కరిగే ఎరువు పోస్తూనే సాళ్ళలో పాత అలవాటు చొప్పున చేత్తో యూరియా వేస్తున్న తోటలు చాలా చూశాను. కొత్త దారి పాతదాని స్థానంలోకి రాలేదు, దానికి తోడైంది. వేపలోని పదార్థాలు నత్రీకరణాన్ని నిదానిస్తాయని మన శాస్త్రజ్ఞులు గుర్తించి చాలా దశాబ్దాలైంది. 2015లో దేశంలోని యూరియాకంతా వేపపూత తప్పనిసరి చేశారు. మంచి అడుగే. కాని పూత ఉన్న కట్టలు ఆరు వేస్తే పూత లేని కట్టలు నాలుగు వేసినదానికన్నా మేలు జరగదు.

2015లోనే భూసార పరీక్ష కార్డులూ వచ్చాయి. ఏడాదికి మూడు పంటలు తీసే కూరగాయల రైతుకు ఆ కార్డు ఎంత పనికొస్తుంది? నైట్రేటు వారానికొక రకంగా ఉంటుంది. అతనికి కావలసింది పంట మధ్యలో ఆకు చూసి, మట్టి చూసి చెప్పే మనిషి. చైనాలో 2005 నుంచి 2015 దాకా పదేళ్ళపాటు జరిగిన ఒక ప్రయత్నంలో సుమారు 2 కోట్ల 10 లక్షల మంది చిన్నరైతులు పాల్గొన్నారు. వరి, గోధుమ, మొక్కజొన్నల్లో దిగుబడి 11 శాతం దాకా పెరిగింది, నత్రజని 15 నుంచి 18 శాతం తగ్గింది. ఆ దేశపు వ్యవసాయ విద్యార్థులు 2009 నుంచి ఊళ్ళలో ఇల్లు తీసుకుని రైతుల మధ్య కాపురమున్నారు. ఎంత వేయాలో కాగితం మీద రాసిచ్చి పోవడానికీ, వేసిన రోజు పక్కన నిలబడడానికీ తేడా అంత. ఈ సభలో కూర్చున్న విద్యార్థులు ఆ మాటను తమకు చెప్పినదిగా తీసుకోవాలని నా కోరిక.

2019 మార్చిలో నైరోబిలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభలో నత్రజని నిర్వహణ మీద తొలి తీర్మానాన్ని తెచ్చింది మన దేశమే. అదే ఏడు అక్టోబరులో కొలంబోలో 2030 నాటికి నత్రజని వృథాను సగానికి తగ్గించాలని ప్రకటన చేశారు. ఆ ప్రకటన ఎకరం తోట దాకా దిగి రావాలంటే అక్కడ కొలిచేవారు ఉండాలి.

ఆచార్యులవారు ఉద్యోగ విరమణ తరువాత ఈ చుట్టుపక్కల ఊళ్ళలో తిరుగుతూ ఒక పని పెట్టుకున్నారు. రైతును ఒప్పించి ప్రతి తోటలో ఒక్క సాలుకు పైపాటు యూరియా వేయించకుండా విడిచిపెట్టించేవారు. ఆ సాలు మొదట కర్రకు ఎర్ర గుడ్డపేలిక కట్టేవారు. కోత కోతకూ ఆ సాలు కాయను వేరుగా తూచి, పక్క సాలు తూకంతో కలిపి నోటుపుస్తకంలో రాసుకునేవారు. కొన్ని తోటల్లో ఆ సాలు వెనకబడింది. మరికొన్నింటిలో తేడా కనిపించలేదు. తేడా లేని తోటల ఎదురుగా, రెండో గడిలో, ఆయన అక్షరాల్లో ఒకే మాట ఉంది: గాలికి.

ఆయన కుటుంబం ఆ పుస్తకాన్ని కొన్నేళ్ళ కిందట నాకు ఇచ్చింది. సగం పుటలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. వచ్చే పంటకు తమ తోటల్లో ఒక్కొక్క సాలు విడిచిపెడతామని ఈ మధ్యాహ్నం ముగ్గురు రైతులు నాతో అన్నారు. తూకం వేసి రాసే పనికి ఇద్దరు విద్యార్థులు ముందుకొచ్చారు. అధ్యక్షులవారి అనుమతితో పుస్తకాన్ని వారికి అందజేస్తున్నాను.